బోల్టు కింద బుష్ ఉందా?

హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పట్టుకుని వనస్థలిపురం ఆటోనగర్‌లోకి తిరిగితే, షెడ్ల ముందు కొత్త ట్రాలీలు కనిపిస్తాయి. జనరేటర్ ఎక్కించేవి, నీళ్ల ట్యాంకు మోసేవి, టిఫిన్ సెంటర్ పెట్టుకునేవి, ఊరేగింపుల్లో సౌండ్ బాక్సులు లాగేవి. కొనడానికి వచ్చినవాళ్లు టైరును కాలితో తన్ని చూస్తారు. రంగు బాగుందంటారు. మొత్తం ఎన్ని కిలోల ఇనుము పట్టిందో అడిగి బేరం మొదలుపెడతారు. కింద వంగి, కమాన్ కట్టను (లీఫ్ స్ప్రింగును) ఫ్రేముకు తగిలించిన చోట బోల్టు ఎలా కూర్చుందో చూసేవాళ్లు అరుదు. ఆ ట్రాలీ పదేళ్లు నడుస్తుందా, రెండో వానాకాలానికే తుక్కులోకి పోతుందా అన్నది మాత్రం అక్కడే తేలిపోతుంది.

నాది చైతన్యపురిలో జనరేటర్లు అద్దెకిచ్చే వ్యాపారం. మెకానికల్ డిప్లొమా చదివి ఇందులోకి వచ్చాను. చంపాపేట, కర్మన్‌ఘాట్ ఫంక్షన్ హాళ్లలో పెళ్లిళ్లకు, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో గణేశ్ మండపాలకు, నిమజ్జనం రోజున సరూర్‌నగర్ చెరువు దగ్గరికి నా ట్రాలీలు వెళ్తుంటాయి. బండి కదిలితేనే నాకు అన్నం. కాబట్టి ఇది పక్కవాడి వ్యాపారం మీద రాళ్లు వేయడానికి రాస్తున్నది కాదు. పల్చటి పైపుతో కట్టిన ఫ్రేములో, సస్పెన్షన్ బోల్టు పడే చోట లోపల బుష్, అంటే బోల్టు దూరే మందపాటి ఇనుప గొట్టం ముక్క, లేకుండా ట్రాలీ అమ్మడం ఆగాలి. కొనేవాళ్లు అడిగితే సగం ఆగుతుంది, సర్కారు ఒక్క పేజీ నియమం రాస్తే మిగతా సగం ఆగుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ముందు జరిగే నష్టమేమిటో చూద్దాం. మన దగ్గర చిన్న ట్రాలీలకు ఎక్కువగా వాడేది స్క్వేర్ పైపు. చాలా షెడ్లలో 14 గేజి, అంటే 2 మిల్లీమీటర్ల మందం. బేరం గట్టిగా ఆడితే 16 గేజికి, 1.6 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. పైపు బయటికి పుష్టిగా కనిపిస్తుంది, లోపలంతా ఖాళీ. దానికి పై నుంచి కిందికి రంధ్రం వేసి, కమాన్ కట్టను పట్టుకునే హ్యాంగర్‌ను 12 మిల్లీమీటర్ల బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు తల మీద 8.8 అని ఉంటే అది మంచి బోల్టే. దాన్ని సరిగా బిగించడానికి 80 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ టార్క్ చాలు. అడుగు పొడవు పానా చివర పాతిక కిలోల పైచిలుకు బలంతో లాగితే అంత వచ్చేస్తుంది. అప్పుడు ఆ బోల్టు తన తలకూ నట్టుకూ మధ్య ఉన్నదాన్ని మూడున్నర టన్నులకు మించిన బలంతో నొక్కుతుంది.

మధ్యలో గట్టి ఇనుప దిమ్మ ఉంటే ఆ నొక్కుడు వరమే. ఖాళీ పైపు ఉంటే మాత్రం ఆ బలమంతా రెండు పల్చటి గోడల నడిమధ్యన పడుతుంది. పైపుకు గట్టిదనం ఉండేది మూలల దగ్గర, గోడ నడిమధ్య కాదు. మూడున్నర టన్నుల మాట అటుంచి, అందులో కొద్ది భాగం పడగానే 2 మిల్లీమీటర్ల గోడ లోపలికి కుంగడం మొదలుపెడుతుంది. పానా పట్టుకున్న కుర్రాడికి చేతిలో తెలిసేది ఒక్కటే: నట్టు ఇంకా తిరుగుతోంది. ఇంకా తిరుగుతోంది కాబట్టి ఇంకా బిగిస్తాడు. పానాకు పైపు ముక్క తొడిగి మరీ బిగిస్తాడు. బోల్టు బిగుస్తోందని అతను అనుకుంటాడు. నిజానికి పైపు చితుకుతోంది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ పొడవు బోల్టు పూర్తిగా బిగిసినప్పుడు సాగేది సుమారు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. ఒక కాగితం మందమంత. బిగువు అంతా ఆ సాగుడులోనే ఉంటుంది. కొత్త ట్రాలీ రోడ్డెక్కి నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటాక పైపు గోడ ఆ కాగితం మందమంత కుంగిందా, బోల్టులో బిగువు సున్నా. స్ప్రింగ్ వాషర్ వేశాం కదా అంటారు. నైలాక్ నట్టు పెట్టాం కదా అంటారు. నైలాక్ నట్టు ఊడి కింద పడకుండా కాపాడుతుంది, పోయిన బిగువును తెచ్చిపెట్టదు. మళ్లీ బిగిస్తే గోడ మరికాస్త లోపలికి పోతుంది. ‘నెలకోసారి టైట్ చేసుకోండి’ అని ట్రాలీతో పాటు ఇచ్చే సలహా, నెలకోసారి ఇంకొంచెం చితక్కొట్టుకోండి అన్నట్టే.

ఆటోనగర్‌లోనే ఒక షెడ్డులో కట్టించిన నా ట్రాలీ ఒకటి ఇలాగే పాడైంది. కొత్తపేట దగ్గర లాగుతుంటే ఎడమ చక్రం మడ్‌గార్డుకు రాసుకుంటున్న చప్పుడు వచ్చిందని డ్రైవరు ఫోన్ చేశాడు. జనరేటర్ దించి, జాకీ పెట్టి కింద పడుకుని చూశాం. హ్యాంగర్ చుట్టూ పెయింటు గుండ్రంగా, వాషరంత మేర పగిలి ఉంది. నట్టు కింది నుంచి ఎర్రటి పొడి సన్నగా కారినట్టు గీత కట్టింది. వదులైన ఇనుము ఒకదానితో ఒకటి రాసుకుంటే వచ్చే తుప్పు పొడి అది.  బోల్టు విప్పితే పైపు గోడ వాషర్ కింద చిన్న పళ్లెంలా లోపలికి దిగిపోయి ఉంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగింది. దాని అంచు నుంచి వెంట్రుకంత చీలిక మూల వైపు పాకుతోంది. ఇంకొన్నాళ్లు తిప్పి ఉంటే ఇరుసు ఒకవైపు ఊడి వచ్చేది. పైన టన్నున్నర జనరేటర్, పక్కన స్కూటర్ల మీద పిల్లలతో వెళ్లేవాళ్లు.

ఈ బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు జనరేటర్ అంటే ఇంజిను, ఆల్టర్నేటర్, పైన ఒక రేకు. 2002లో కేంద్రం జనరేటర్ల శబ్దానికి పరిమితి పెట్టింది: మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. మంచి నిబంధన, కాలనీల్లో జనం నిద్రపోతున్నారంటే దాని పుణ్యమే. అయితే దానివల్ల ప్రతి సెట్టు చుట్టూ ఇనుప గది లాంటి కెనోపీ వచ్చింది. 62.5 కేవీఏ సైలెంట్ సెట్టు ఇప్పుడు సుమారు టన్నున్నర తూగుతుంది. బరువు పెరిగింది, ఇనుము ధర పెరిగింది, అద్దె రేట్లు మాత్రం ఆ మేరకు పెరగలేదు. ఆ ఒత్తిడి అంతా చివరికి పైపు గేజి మీద పడింది. పైగా మా బండి నిలబడి ఉన్నా పనిలోనే ఉంటుంది. ఇంజిను నడిచినంతసేపూ ఆ కంపనం బోల్టులకు తగులుతూనే ఉంటుంది.

దీనికి మందు కొత్తదేమీ కాదు, ఖరీదైనదీ కాదు. 25 మిల్లీమీటర్ల రాడ్డు ముక్కను లేత్ మీద పెట్టి మధ్యలో 13 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే బుష్ అవుతుంది. పైపు రెండు గోడలకూ 25 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ఈ బుష్‌ను అడ్డంగా దూర్చి, రెండు చివరలా చుట్టూ వెల్డింగ్ చేసి, పైన గ్రైండింగ్‌తో చదును చేయాలి. బోల్టు ఇక బుష్ లోపల నుంచి వెళ్తుంది. వాషర్ బుష్ చివర మీద కూర్చుంటుంది. ఆ మూడున్నర టన్నుల నొక్కుడంతా బుష్ మోస్తుంది. మామూలు మెత్తని ఇనుముతో చేసిన అలాంటి బుష్‌కు అంతకు రెట్టింపు మోసే సత్తా ఉంది. పైపు గోడ మీద నొక్కుడు భారం పడదు.

పొడవు మాత్రం కచ్చితంగా ఉండాలి. బుష్ మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా గోడ ఆ మిల్లీమీటరు మేర లోపలికి గుంజుకుపోతుంది, చేసిన పని వృథా. పైపు వెడల్పుకు సరిసమానంగా, లేదా వెంట్రుకవాసి ఎక్కువగా ఉండాలి. ఖర్చు తగ్గుతుందని కొందరు నీళ్ల పైపు ముక్క వాడతారు. మందపు రకమైతే నడుస్తుంది గానీ, జీఐ పైపు అయితే వెల్డింగ్ చేసే చోట జింకు పూత గీకేయాలి. ఆ పొగ వెల్డర్ ఊపిరికి మంచిది కాదు, అతుకూ సరిగా కూర్చోదు.

రంధ్రం ఎక్కడ వేస్తారన్నది కూడా అంతే ముఖ్యం. బరువు పడినప్పుడు పైపు పై ముఖం, కింది ముఖం ఎక్కువ శ్రమపడతాయి, ఒకటి నొక్కుకుంటూ, ఒకటి సాగుతూ. పక్క గోడల నడిమధ్య చోటు మీద ఆ శ్రమ తక్కువ. కాబట్టి హ్యాంగర్‌ను పైపుకు రెండు వైపులా చెంపల్లా పట్టుకునేలా చేసి, బోల్టును అడ్డంగా పక్క గోడల గుండా పోనిస్తే ఫ్రేముకు చేటు తక్కువ. అది కుదరకపోతే 6 మిల్లీమీటర్ల ప్లేటు పైపు పూర్తి వెడల్పున, హ్యాంగర్ కన్నా కాస్త పొడవుగా వేస్తే, భారం గోడ మధ్య నుంచి మూలలకు పోతుంది. అసలు రంధ్రమే వద్దనుకుంటే పైపు పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు పెట్టి, బోల్టులను పైపుకు బయటగా రెండు పక్కల నుంచి వేసి బిగించే పద్ధతీ ఉంది. దారులు వేరైనా సూత్రం ఒక్కటే: బోల్టు నొక్కే దారిలో ఖాళీ ఉండకూడదు.

‘ఇంత గోల ఎందుకు, గేజి పెంచితే పోలా?’ అనేవాళ్లున్నారు. పెంచితే మంచిదే. గోడ వంగకుండా నిలబడే శక్తి మందం వర్గంతో పెరుగుతుంది. 2 నుంచి 3 మిల్లీమీటర్లకు వెళితే బరువు ఒకటిన్నర రెట్లు, ఆ శక్తి రెండుంబావు రెట్లు. అయినా మూడున్నర టన్నుల బోల్టు ముందు అదీ చాలదు. ఫ్రేమంతా మందం పెంచి అదనపు బరువు మోసుకు తిరిగే బదులు, అవసరమైన ఎనిమిది చోట్ల బుష్ వేయడం తెలివైన పని. ‘బోల్టే వద్దు, హ్యాంగర్ నేరుగా వెల్డింగ్ కొట్టేస్తాం’ అనేవాళ్లూ ఉన్నారు. వెల్డింగ్ తప్పని నేననను. కానీ 8 మిల్లీమీటర్ల హ్యాంగర్‌ను 2 మిల్లీమీటర్ల పైపుకు అతికేటప్పుడు పల్చటి గోడ కాలిపోయి బొక్క పడుతుంది, లేదా అతుకు అంచున కోత పడుతుంది. ఏడాది తిరక్కుండా చీలిక అక్కడే పుడుతుంది. అతకాలనుకుంటే మధ్యలో పొడవాటి ప్లేటు వేసి, పైపు పొడవునా అతకాలి. కింది ముఖానికి అడ్డంగా మాత్రం గీత పెట్టకూడదు.

వాన విషయం మరచిపోకూడదు. 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాం నగర్, గడ్డిఅన్నారం కాలనీలు మునిగినప్పుడు మా ప్రాంతంలో బళ్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. తరువాత ట్రాలీలను ఒకవైపు ఎత్తి బోల్టులు విప్పితే ఉత్త రంధ్రాలున్న పైపుల్లోంచి బురదనీళ్లు కారాయి. అలాంటి పైపు బయట పెయింటుతో మెరుస్తూనే లోపలి నుంచి తుప్పుకు తినుకుపోతుంది. రెండు గోడలను కుంగదీయడానికి తుప్పు, నొక్కుడు రెండూ కలిసి పనిచేస్తాయి. చుట్టూ అతికిన బుష్ ఆ దారిని కూడా మూసేస్తుంది.

బుష్ ఎందుకు వేయరని ఒక మేస్త్రీని అడిగాను. నల్గొండ వైపు మనిషి, చేతిలో పనితనం ఉంది. “ఏస్తం సార్, అడిగినోళ్లకు ఏస్తం. బుష్‌లు తేవాలంటే లేత్ కాడ లైన్ల నిలబడాలె. పొద్దంతా అక్కడ్నే పోతది. నేను బుష్ ఏసి రెండువేలు ఎక్కువ చెప్తే, పక్క షెడ్డోడు ఏయకుండ తక్కువకిస్తడు. వచ్చినాయన అటే పోతడు” అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. కనిపించని పనికి డబ్బిచ్చేవాడు లేనప్పుడు, కనిపించని పని చేసేవాడే నష్టపోతాడు. తప్పంతా మేస్త్రీ మీద తోసేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు.

ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే ఉంది. ఇదే ఆటోనగర్‌లో, రెండు షెడ్ల అవతల లారీ బాడీలు కట్టేవాళ్లకు ఈ పాఠం కొట్టినపిండి. లారీ ఛాసిస్ ఛానల్‌కు బాడీని యూ బోల్టుతో బిగించేటప్పుడు ఛానల్ రెక్కలు వంగిపోకుండా లోపల చెక్క దిమ్మో, ఇనుప ముక్కో అడ్డం పెడతారు. సైలెన్సర్ దగ్గరైతే నిప్పు భయానికి చెక్క వద్దని ఇనుమే పెడతారు. ఛాసిస్ రెక్కలకు రంధ్రాలు వేయొద్దు, ఇష్టం వచ్చినట్టు వెల్డింగ్ చేయొద్దు అని లారీ కంపెనీలు బాడీ బిల్డర్లకు పుస్తకాలు రాసి ఇస్తాయి. ఆ లారీకి వెనక ఒక కంపెనీ ఉంది, వారంటీ ఉంది, అడిగేవాడున్నాడు. చిన్న ట్రాలీకి ఎవరూ లేరు. పైపు ఒకచోట, పాత జీపు ఇరుసు ఒకచోట, కమాన్ కట్ట ఒకచోట కొని కలిపిన బండికి పుస్తకం రాసేదెవరు?

రాయాల్సింది రవాణా శాఖ. 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. కొత్త చట్టం అక్కర్లేదు. బస్సు బాడీ ఎలా ఉండాలో చెప్పడానికి ఏఐఎస్-052 అనే ప్రమాణం ఉంది. పెద్ద ట్రెయిలర్లకు టైప్ అప్రూవల్ ఉంది. ఫంక్షన్ హాలు గేటు ముందు ఆగే నా జనరేటర్ ట్రాలీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి చూపూ పక్కకు పోతుంది. వీధుల్లో తిరిగే ఈ చిన్న బళ్లలో చాలావాటికి నంబరు ప్లేటే కనబడదు. ఆస్ట్రేలియాలో 4.5 టన్నుల లోపు ట్రెయిలర్ల కోసమే వీఎస్‌బీ-1 అనే చిన్న మార్గదర్శకం ఉంది. ఇంటి వెనక షెడ్డులో సొంతంగా కట్టుకునేవాడు కూడా దాన్నే చూసుకుంటాడు. కట్టినవారి పేరు, ఎంత బరువు మోయగలదో రాసిన పలక బండికి ఉండాలి. మనకూ అలాంటిది తెలుగులో, బొమ్మలతో, ఏ షెడ్డు గోడకైనా అతికించుకునేలా ఒక్క పేజీ చాలు: ఏ బరువుకు ఎంత గేజి, బోల్టు దగ్గర బుష్ తప్పనిసరి, కట్టిన షెడ్డు పేరుతో పలక తప్పనిసరి. పేరు రాయాల్సి వస్తే పని దానంతటదే మారుతుంది. బుష్ వేసేవాడిని వేయనివాడు తక్కువ ధరతో కొట్టేసే అన్యాయం కూడా ఆగుతుంది.

నియమంతో పాటు నేర్పడమూ కావాలి. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేసి, టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలోని 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని ప్రభుత్వం మొదలుపెట్టింది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు పిల్లలకు నేర్పడం సంతోషమే. అక్కడ చదివిన వెల్డర్లలో, ఫిట్టర్లలో ఎందరో చివరికి ఆటోనగర్ లాంటి చోట్లకే వస్తారు. వాళ్లకు ఒక్క పూట ఒక్క ప్రయోగం చూపించండి. రెండు పైపు ముక్కలు తీసుకుని, ఒకదానిలో బుష్ వేసి, ఇంకోదానిలో వేయకుండా, టార్క్ రెంచ్‌తో ఒకే కొలతకు బిగించనివ్వండి. చితికిన ముక్కను చేత్తో పట్టుకుని చూసిన పిల్లవాడికి మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. ఆటోనగర్ యజమానుల సంఘాలు కూడా తలుచుకుంటే, 12, 16 మిల్లీమీటర్ల బోల్టులకు సరిపోయే బుష్‌లు సైజులవారీగా చేయించి ఇనుము షాపుల్లోనే అమ్మకానికి పెట్టించవచ్చు. మేస్త్రీకి లేత్ దగ్గర లైన్లో నిలబడే బాధ తప్పుతుంది.

అంతవరకూ కొనేవాళ్లు చేయగలిగింది ఉంది. ట్రాలీ ఆర్డర్ ఇచ్చేటప్పుడే గేజి, బుష్‌లు, ప్లేట్లు కాగితం మీద రాయించుకోండి. రెడ్ ఆక్సైడ్ పూయకముందే వెళ్లి ఫ్రేము చూడండి. పెయింటు పడ్డాక ఎవరూ ఏమీ చెప్పలేరు. బోల్టు రంధ్రంలో చివర వంచిన తీగ పెట్టి చూడండి. లోపల గోడ నునుపుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా తగిలితే బుష్ ఉన్నట్టు, తీగ ఖాళీలోకి జారితే లేనట్టు. పాత ట్రాలీ ఉన్నవాళ్లు టార్చి పట్టుకుని కింద చూడండి. నట్టు కింద ఎర్ర గీత, వాషర్ చుట్టూ పగిలిన పెయింటు, ఒకవైపే అరిగిన టైరు కనిపిస్తే బిగించి పంపకండి, విప్పించి బుష్ వేయించండి.

వినాయక చవితి వచ్చిందంటే ఈ బళ్లన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి. పక్కనే డప్పులు, డాన్సులు, భుజాల మీద పిల్లలు. నిమజ్జనానికి సరూర్‌నగర్ చెరువు దగ్గర క్రేన్లు నిలబెట్టించే అధికారులను నేను కోరేది ఒక్కటే: ఊరేగింపు మొదలయ్యే ముందు వీధుల్లో ట్రాలీల కింద కూడా ఒకసారి టార్చి వేయించండి. ఎర్ర పొడి కారుతున్న బండిని జనం మధ్యకు వదలకుండా పక్కన పెట్టించండి. అందులో నా బండి ఉంటే దాన్నీ ఆపండి. అద్దె పోతే నేను భరించుకుంటాను.